మేకల ఊళ్లో రెండు రాత్రులు

నార్వే వెళ్లినవాళ్లు చాలామంది ఫ్లోమ్‌లో కొండ రైలెక్కి, పడవ షికారు చేసి వెనుదిరుగుతారు. మేమూ మొదట అక్కడే గది తీసుకున్నాం. రైలు గొప్పదే: 20 కిలోమీటర్లలో 860 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతుంది. అయితే రేవులో పెద్ద ఓడ ఆగిన రోజు ఫ్లోమ్ ఊరులా ఉండదు, తిరనాళ్లే. కాఫీ కోసం అరగంట నిలబడ్డాక మకాం ఉండ్రెడాల్‌కు మార్చేశాం.

ఔర్లాండ్ ఫ్యోర్డ్ ఒడ్డున, నిట్టనిలువు కొండల సందున ఒదిగిన పల్లె అది. హిమానీనదాలు తొలిచిన లోయలోకి సముద్రం చొరబడితే ఫ్యోర్డ్ అవుతుంది. ఈ పాయ వెళ్లి కలిసే సోగ్నె ఫ్యోర్డ్ పొడవు 200 కిలోమీటర్ల పైమాటే, లోతు 1,300 మీటర్లు. కొండ నేరుగా నీళ్లలోకి దిగుతుంటే ఒడ్డు వెంట బాట ఎక్కడ వేస్తారు? 1988లో రోడ్డు వచ్చేదాకా ఊరివాళ్లకు పడవే దిక్కు.

ఊళ్లో జనం నూరుకు అటూ ఇటూ, మేకలు అంతకు కొన్ని రెట్లు. 12వ శతాబ్దపు చెక్క చర్చిలో 40 మంది కూర్చుంటే నిండిపోతుంది. బయట తెల్లరంగు వేసి సాదాగా ఉంది. లోపల గోడలకూ పైకప్పుకూ బొమ్మలు! పెద్ద కెథడ్రళ్లలో మెడ నొప్పి పుట్టేలా చూసినవేవీ నాకు ఇంతగా గుర్తులేవు.

ఇక మేక జున్ను. పాలు విరిచాక మిగిలిన నీటిని గంటల తరబడి మరిగిస్తే అందులోని చక్కెర మాడి గోధుమరంగు ముద్ద అవుతుంది. అడుగంటిన పాలకోవాలో ఉప్పు కలిపినట్టుంది, వెనకాలే మేక వాసన. మా ఆయన ఒక్క ముక్కతో దండం పెట్టేశారు. నేను రెండు పూటలా తిన్నాను.

అద్దెకు తీసుకున్న ఇల్లు మాత్రం అంతంతమాత్రం. ఫొటోలో కిటికీ నిండా నీళ్లు కనిపించాయి. తీరా చూస్తే పక్కింటి కొట్టం. వేడినీళ్లు ఒక్కరి స్నానానికే సరి. పైగా ఆదివారం దిగాం, దుకాణం మూసి ఉంది. సంచిలో అటుకులు లేకపోతే ఆ రాత్రి పస్తే.

బస్సు మమ్మల్ని పైన ప్రధాన రహదారి మీద దింపింది. దిగుడు కదా అని పెట్టెలు ఈడ్చుకుంటూ ఆరు కిలోమీటర్లకు పైగా నడిచాం. తిరుగు ప్రయాణానికి ముందు రోజే టాక్సీకి చెప్పుకున్నాం.