డ్వాక్రా అక్కలూ, మొదటి వాయిదా సరిపోయిందని నమ్మేయకండి

మా మండలంలో ఒక సంఘం లెక్క నిన్న బయటపడింది. ఊరూ పేరూ రాయను. పదిమంది సభ్యులు, లింకేజీ అప్పు (సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు) 10 లక్షలు, తలా లక్ష, వందకి రూపాయి వడ్డీ, 20 నెలలు. పుస్తకాలు రాసే ఆవిడ నెలనెలా మనిషి దగ్గర 6,000 వసూలు చేసింది: అసలు 5,000, వడ్డీ 1,000.

మొదటి నెల ఆ 6,000 కరెక్టే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. రెండో నెలకి బాకీ 95,000కి దిగింది కాబట్టి వడ్డీ 950 అవ్వాలి. మూడో నెల 900. అలా నెలకి 50 చొప్పున తగ్గుతూ చివరి నెలకి వడ్డీ 50 రూపాయలే. అన్నీ కూడితే 10,500. ఆవిడ లాగింది 20,000. మనిషికి 9,500, సంఘానికి 95,000! బ్యాంకు మాత్రం తగ్గిన బాకీ మీదే వడ్డీ వేసుకుంది. మిగిలిన డబ్బు సంఘం ఖాతాలో లేదు, లెడ్జర్‌లో ఎక్కలేదు.

ఒళ్ళు మండే సంగతి ఇంకోటి. ఒకామె మీటింగులో బ్యాంకు పాస్‌బుక్ చూపించమని అడిగితే, ఆ పుస్తకాలు రాసే ఆవిడ అందరి ముందూ "చదువు రానిదానివి, చూసి ఏం చేస్తావ్? వేలిముద్ర వేసి వెళ్ళు" అంది. సంతలో కూరగాయలు అమ్ముతూ పైసలతో సహా నోటిలెక్క కట్టే మనిషిని పట్టుకుని ఆ మాట! ఆమెకి లెక్క వచ్చు, లెడ్జర్ గడులు చదవడమే రాదు. లీడర్లిద్దరూ అక్కడే ఉండి నోరెత్తలేదు. ఎత్తలేరు కూడా, ఖాళీ విత్‌డ్రాయల్ ఫారాల మీద ముందే సంతకాలు పెట్టి ఇచ్చేశారు.

రూపాయి వడ్డీకి లెక్క తేలిక. మిగిలిన బాకీలో చివరి రెండు సున్నాలు కొట్టేస్తే ఆ నెల వడ్డీ వచ్చేస్తుంది. రెండు రూపాయల వడ్డీ అయితే దానికి రెట్టింపు. ప్రతి నెలా బ్యాంకులో పాస్‌బుక్ ఎంట్రీ వేయించి మీటింగులో పైకి చదివించండి. చదివేది మాత్రం పుస్తకాలు రాసే మనిషి కాకూడదు, ఇంటర్ చదివే మీ అమ్మాయైనా సరే. మీ చేతి పుస్తకంలో కట్టిన మొత్తం అక్షరాల్లో కూడా రాయించుకోండి, అంకె దిద్దడం కుదరదు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు. ఇప్పటికే ఎక్కువ కట్టి ఉంటే తీర్మానం రాసి ఏపీఎంకి (మండలంలో సంఘాల్ని చూసే అధికారికి) ఇవ్వండి, ఆడిట్ అడగండి. ఇచ్చిన కాగితానికి నకలు మీద సంతకం తీసుకోండి.