ఇడ్లీ పిండి: ఇంట్లో రుబ్బాలా, ప్యాకెట్ కొనాలా?

చేతిలో ప్యాకెట్ పిండి కనబడితే చాలు, "ఇంట్లో రుబ్బుకుంటే ఎంతసేపమ్మా" అనే పెద్దవాళ్లు బెజవాడలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఉంటారు. రుబ్బడానికి అరగంటే, నిజమే. గ్రైండర్ కడిగే పని మాత్రం ఆ లెక్కలోకి రాదు.

ఇంటి పిండికి గ్లాసు మినపగుళ్లు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు 4 గంటలు, రవ్వ గంట నానాలి. రుబ్బేటప్పుడు చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. మిక్సీ వేడెక్కితే పిండి పొంగదు, ఇడ్లీ గట్టిపడుతుంది. రుబ్బిన పిండి ఒక చుక్క తీసి నీళ్లలో వేస్తే తేలాలి. నానిన రవ్వను నీళ్లు పోయేలా గట్టిగా పిండేసి, రుబ్బిన పప్పులో కలపాలి. నీళ్లు మిగిలితే ఇడ్లీ అణిగిపోయి ప్లేటుకు అతుక్కుంటుంది. మే నెలలో 6 గంటల్లోనే పులుస్తుంది, రాత్రి కలిపి తెల్లవారి 8 దాకా బయట వదిలితే పుల్లన ఖాయం. డిసెంబరులో 10-12 గంటలు పడుతుంది.

ప్యాకెట్‌లో చాలావరకు ఉండేది రవ్వ కాదు, బియ్యం రుబ్బిన పిండి. ఇడ్లీ మన రవ్వ ఇడ్లీలా పలుకుగా కాక నున్నగా వస్తుంది. దోసెకు ఇదే నయం. తేదీ చూడాలి, బాగా ఉబ్బిన ప్యాకెట్ తీసుకోకూడదు, లోపల పులుపు ముదిరి ఉంటుంది. ఉప్పు ముందే కలిపారేమో చదివాకే వేయాలి.

ఇద్దరే ఉన్న ఇంటికి ప్యాకెట్ చాలు, ఎవరేమన్నా సరే. నలుగురైదుగురు రోజూ తినే ఇంట్లో రుబ్బుకోవడమే చవక. ఏ పిండైనా పుల్లబడితే కాస్త బియ్యప్పిండి, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి సాయంత్రం పునుగులు వేసేయొచ్చు.