కొండల మధ్య టీవీ సిగ్నల్: 8-వీఎస్‌బీయా, సీఓఎఫ్‌డీఎమ్మా?

గాలిలో డిజిటల్ టీవీ పంపే రెండు పద్ధతులివి. విశాఖలో నేరుగా వచ్చే సిగ్నల్ వెనకాలే, అదే సిగ్నల్ యారాడ కొండకో, బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లకో తగిలి ప్రతిధ్వనిగా మళ్లీ వస్తుంది. దారి 9 కిలోమీటర్లు ఎక్కువైతే ఆలస్యం 30 మైక్రోసెకన్లు.

అమెరికా ఎంచుకున్న 8-వీఎస్‌బీలో ఒకటే క్యారియర్ (సమాచారాన్ని మోసే తరంగం), సెకనుకు 1.076 కోట్ల సింబళ్లు (సమాచారపు తునకలు). అంటే ఆ ప్రతిధ్వని 320కి పైగా సింబళ్లు ఆలస్యంగా వచ్చి మీద పడుతుంది. దాన్ని తుడిచే భారమంతా రిసీవర్‌లోని ఈక్వలైజర్‌దే. ప్రతిధ్వని బలం అసలు సిగ్నల్‌తో సమానమైతే పాత చిప్‌లు చేతులెత్తేస్తాయి. కదిలే ఓడకు తగిలి వచ్చేదైతే మరీ కష్టం.

సీఓఎఫ్‌డీఎం సమాచారాన్ని ఒకేసారి ఎన్నో క్యారియర్లకు పంచుతుంది. దాన్ని వాడే యూరప్ ప్రమాణం డీవీబీ-టీలో, 8 మెగాహెర్ట్జ్ చానెల్‌పై 8కే మోడ్‌లో (వేల క్యారియర్లుండే అమరిక), సింబల్ నిడివి 896 మైక్రోసెకన్లు. దానికి ముందు గార్డ్ ఇంటర్వెల్, అంటే ప్రతిధ్వనులు వచ్చి చేరేందుకు ఇచ్చే గడువు ఉంటుంది. దాన్ని సింబల్ నిడివిలో 1/32 పెడితే 28 మైక్రోసెకన్లే, పై ప్రతిధ్వనికి చాలదు. 1/16 పెడితే 56, హాయిగా సరిపోతుంది. ఇంకా భద్రమని 1/4కి వెళ్లడం దండగ: 64-క్యూఏఎం మాడ్యులేషన్, తప్పులు దిద్దే 2/3 కోడ్‌తో సెకనుకు 23.42 మెగాబిట్లు కాస్తా 19.91కి పడిపోతాయి.

ట్రాన్స్‌మిటర్ ఆంప్లిఫయర్‌పై పీక్ పవర్ భారం మాత్రం వీఎస్‌బీకే తక్కువ. చదునైన నేలకు అది చాలు, ఈ ఊరికి కాదు.

ఏ పద్ధతైనా, మీటర్‌లో బలం నిండుగా చూపిస్తూ బొమ్మ గడులుగా విరిగితే బూస్టర్ కొనకండి, ప్రతిధ్వనినీ అదే పెంచుతుంది. యాగీ యాంటెన్నాను కొద్దికొద్దిగా తిప్పుతూ ఎంఈఆర్ (సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే కొలత) ఎక్కడ పెరిగితే అక్కడ బిగించండి.