కథను దిద్దడమా, తిరగరాయడమా?

చిత్తూరు తోతాపురి మామిడి రైతు గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరుతో రాత్రంతా పడిగాపులు కాసే కథ రాశారనుకుందాం. చిత్తుప్రతి ఎక్కడో కుంటుతోంది.

దిద్దుబాటుకు సమయం తక్కువ పడుతుంది, తొలి ఊపులో పడిన ‘ఏంనా, ఇంకా తూకం పడలేదా?’ వంటి సజీవమైన మాట నిలుస్తుంది. అయితే ఇష్టపడి రాసుకున్న వాక్యాన్ని కొట్టేయడానికి చేయి రాక, లోపాన్ని కప్పిపెట్టే ప్రమాదం ఉంది.

తిరగరాతకు నెలలు పట్టవచ్చు, మనసు కుంగుతుంది, ఆ ఊపు మళ్లీ రాకపోవచ్చు. కానీ కథను రైతు కాక, గేటు దగ్గర టోకెన్లు రాసే కుర్రాడు చెప్పాలని తేలినప్పుడు ఎన్ని వాక్యాలు సవరించినా ఫలితం ఉండదు, ఎందుకంటే అతనికి తెలిసినవీ తెలియనివీ పూర్తిగా వేరు. పాత ప్రతిని మాత్రం చించకండి.

సంభాషణలో, ముగింపులో తడబాటుంటే దిద్దండి. కథ చెప్పేవారో, కాలక్రమమో మారాలంటే తిరగరాయండి. పోటీ గడువు దగ్గరపడితే దిద్దుబాటే నయం.