మాడ్యులర్ కిచెన్ చేయిస్తున్నారా? సింకు కింద ఏం వేస్తున్నారో ముందు రాయించుకోండి

వంటగదిని మార్పించే ఆలోచనలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మేం 3 లక్షల 40 వేలు పోసి చేయించుకున్న కిచెన్ ఆరు నెలలు తిరక్కుండానే సింకు కింద ఉబ్బిపోయింది. కంపెనీ పేరు రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పేరు కంటే మమ్మల్ని ఎలా బుట్టలో వేశారో తెలిస్తేనే మీకు ఉపయోగం.

మాది కూకట్‌పల్లిలో పన్నెండేళ్ల కిందటి ఫ్లాటు. నల్ల గ్రానైట్ గట్టు, దాని కింద కడప బండల అరలు, పైన అటక. నిజానికి దేనికీ ఏ లోటూ లేదు. సంక్రాంతికి ఊరి నుంచి అందరూ వస్తున్నారు, ఆలోగా వంటగది కొత్తగా కనిపిస్తే బాగుంటుందని నాకే మనసు పుట్టింది. "రాయిని ఎందుకమ్మా పగలగొట్టిస్తావు" అని అత్తయ్య అన్నారు కూడా. వినలేదు.

షోరూములో ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి అరగంటలో మా వంటగదిని త్రీడీ బొమ్మగా చూపించింది. తెల్లగా మెరిసే తలుపులు, హ్యాండిల్స్ లేవు, గట్టు మీద ఒక మొక్క, రెండు కప్పులు. అంతే, పడిపోయాం. ఆ బొమ్మలో గ్రైండర్ లేదు, కుక్కర్ లేదు, ఆవకాయ జాడీ లేదు, 26 కిలోల బియ్యం బస్తా లేదు. అవెక్కడ పెడతారని ఆమె అడగలేదు, మాకూ తట్టలేదు. ఆ బస్తా ఇప్పటికీ బాల్కనీ తలుపు వెనకే ఉంది. తెల్ల తలుపుల సంగతి సరేసరి, రోజూ తాలింపు వేసే ఇంట్లో వారం తిరిగేసరికి చిమ్నీ పక్కన పసుప్పచ్చ జిడ్డు పేరుకుంటుంది.

అసలు మోసం కొటేషన్‌లో ఉంది. అందులో "ప్రీమియం వాటర్ రెసిస్టెంట్ బోర్డు" అని రాశారు. "మెరైన్ ప్లై లాంటిదే మేడమ్, నీళ్లు పడినా ఏమీ కాదు" అన్నది నోటిమాట. డబ్బు కట్టే తీరు కూడా చూడండి. బుకింగ్‌కి 10 శాతం, పని మొదలుపెట్టేటప్పుడు 50, సరుకు ఫ్యాక్టరీ నుంచి బయల్దేరే ముందు మిగతా 40. పండగ దగ్గర పడుతోందన్న కంగారులో అంతా కట్టేశాం. మనుషులొచ్చి బిగించే రోజుకి మా చేతిలో పట్టు అనేదే మిగల్లేదు.

జూన్‌లో సింకు కింది తలుపు సరిగా పడటం మానేసింది. హింజ్ వదులైందనుకున్నాను. ఓ రోజు డస్ట్‌బిన్ బయటికి తీసి ఫోన్ టార్చ్ వేసి చూస్తే, అడుగు పలక పొంగి, అంచు పట్టీ ఊడి వేలాడుతోంది. వేలితో నొక్కితే టీలో ముంచిన రస్కులా లోపలికి దిగింది. డ్రెయిన్ పైపు కోసం అక్కడికక్కడే రంపంతో కోసిన రంధ్రం చుట్టూ అంచుని పచ్చిగా వదిలేశారు, సిలికాన్ కూడా పూయలేదు. పైపు జాయింటు నుంచి చుక్కచుక్కగా కారిన నీళ్లన్నీ అందులోంచే పీల్చుకుంది. కారింది ఒక వాషర్ వల్ల.

మా అపార్ట్‌మెంట్‌లో పనులు చేసే కార్పెంటర్‌ని పిలిస్తే, స్క్రూడ్రైవర్‌తో గీకి, రాలిన పొట్టు అరచేతిలో వేసుకుని చూపించాడు. "ప్లై ఎక్కడిదమ్మా, ఇది పార్టికల్ బోర్డు. చెక్కపొట్టుకి జిగురేసి నొక్కుతారు" అన్నాడు.

కంపెనీకి ఫోన్ చేస్తే పదేళ్ల వారంటీ కాగితం చదవమన్నారు. అందులో నీటి వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించదని ఉంది. వంటగదిలో సింకు కింద పలకకి నీళ్లు తగలకూడదట! "ప్లై అని మేం ఎక్కడ రాశామో చూపించండి మేడమ్" అన్నాడు మేనేజరు. చూపించలేకపోయాను, ఎక్కడా రాయలేదు మరి.

అప్పుడు తెలుసుకున్నవి మీకు చెబుతున్నాను. ప్లైవుడ్ మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు ఒక నంబరు ఉంటుంది. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై, దాని గ్రేడు బీడబ్ల్యూపీ, అంటే మరిగే నీళ్లకీ తట్టుకునేది. దాన్ని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) గ్రేడు అంటే గాలిలో తేమకి ఆగుతుంది, నీళ్లకి కాదు. బెడ్రూమ్ బీరువాకి పర్వాలేదు. తలుపులకి మంచి ప్లై వేసి, లోపలి పెట్టెకి వాడే పార్టికల్ బోర్డు లాంటి వాటిని "ఇంజనీర్డ్ వుడ్" అని రాసే వాళ్లూ ఉన్నారు. కాబట్టి పెట్టెకి ఏది, తలుపుకి ఏది, ఎంత మందం, ఏ నంబరు అని విడివిడిగా కొటేషన్‌లో రాయించుకోండి. సరుకు దిగినప్పుడు పలకల మీద ముద్ర ఫోటో తీసుకోండి. ముద్ర కనపడకపోతే ఒక ముక్క అడిగి రాత్రంతా బకెట్లో వేసి చూడండి. నేను ఆలస్యంగా చేశాను ఆ పని. కార్పెంటర్ ఇచ్చిన మెరైన్ ప్లై ముక్క, మా పెట్టెలోంచి కోసిన పొడి ముక్క, రెండూ ఒకే బకెట్లో వేశాను. తెల్లారేసరికి ప్లై అలాగే ఉంది, వాళ్ల ముక్క అంచు విచ్చుకుని పొట్టు నీళ్లలో తేలుతోంది.

చివరి 10 శాతం మాత్రం బిగింపు అయ్యాక, నెల వాడి చూశాక ఇస్తామని పట్టుబట్టండి. ఒప్పుకోకపోతే వేరే వాళ్లని చూసుకోండి.

ఇంకోటి, ఇది డబ్బు కంటే పెద్ద విషయం. మాకు గ్యాస్ సిలిండర్‌ని గాలి ఆడే సందే లేని పెట్టెలో పెట్టి తలుపు బిగించారు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. స్టవ్ సర్వీసుకొచ్చిన మెకానిక్ చూసి తిట్టాడు. తలుపు కింది భాగంలో జాలీ పెట్టించాం.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. అది పెట్టాక సింకు పెట్టె సగం ధరకి మార్చిస్తామని ఫోన్ వచ్చింది. సగం మాత్రం నేనెందుకు కట్టాలి? తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు కూడా లేదు.

ఈలోగా వంట ఆగదు కదా. కార్పెంటర్ ఆ ఉబ్బిన పలక పీకేసి, సింకు కింద వేయడానికి ఒక కడప బండ కోయించుకొచ్చాడు. అత్తయ్య ఏమీ అనలేదు, అతనికి టీ పెట్టిచ్చారు.