నలుపా, లేత పసుపా, చాక్లెట్టా: ల్యాబ్రడార్ పిల్లల్లో ఏది మేలు?

గత నెల మా ఇంటికి నల్ల ల్యాబ్రడార్ పిల్ల వచ్చినప్పటి నుంచి, చూడవచ్చిన వారందరూ దాదాపు ఒకే మాట అడుగుతున్నారు: "చాక్లెట్ రంగుది దొరకలేదా?" తామూ ఒక పిల్లను తెచ్చుకోవాలనుకుంటున్న వారు ఇంకొంచెం ముందుకు వెళ్లి, రంగును బట్టి జబ్బులు వస్తాయంటారు కదా, అది నిజమేనా, నిజమైతే మూడు రంగుల్లో ఏది మేలు అని అడుగుతున్నారు. చాక్లెట్ రంగు కుక్కను పదేళ్లు పెంచి, ఈసారి కావాలనే నల్లదాన్ని ఎంచుకున్నాను కనుక, నా కారణాలను వివరంగా చెప్పడం మంచిదనిపించింది.

ఈ చర్చకు ఆధారం బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ, ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి 2018లో ప్రచురించిన అధ్యయనం. బ్రిటన్‌లో 2013లో పశువైద్యుల దగ్గరకు వచ్చిన 33,000 పైచిలుకు ల్యాబ్రడార్ల రికార్డులను వారు పరిశీలించారు. చాక్లెట్ రంగు కుక్కల మధ్యగత ఆయుష్షు 10.7 ఏళ్లు కాగా, మిగిలిన రంగుల వాటికి అది 12.1 ఏళ్లు. వాటిలోంచి ఎంపిక చేసిన రెండు వేల పైచిలుకు కుక్కల జబ్బులను లెక్కించినప్పుడు, చెవి వాపు నల్లవాటిలో 12.8 శాతానికి, పసుపువాటిలో 17 శాతానికి, చాక్లెట్ వాటిలో 23.4 శాతానికి కనిపించింది. వైద్యులు హాట్ స్పాట్ అని పిలిచే చర్మపు పుండు కూడా అదే వరుసలో 1.1, 1.6, 4 శాతంగా తేలింది. రెండు జబ్బుల్లోనూ నలుపు అన్నిటికన్నా కింద, చాక్లెట్ అన్నిటికన్నా పైన ఉన్నాయన్న సంగతి గమనించదగినది.

ఇవి బ్రిటన్ అంకెలు. మన దగ్గరా సరిగ్గా ఇంతే ఉంటుందని అనడానికి లేదు. అయితే చెవి వాపుకు తేమ, వేడి తోడైతే ఏమవుతుందో విజయవాడలో ల్యాబ్రడార్‌ను పెంచిన వారికి చెప్పనక్కరలేదు. మా పాత కుక్కకు ప్రతి వానాకాలం చెవి బాధ వచ్చేది. ముందు తల విదిలించేది, తర్వాత తలను పక్కకు వాల్చి నడిచేది. చెవి పైకెత్తి చూస్తే లోపలి చర్మం ఎర్రగా కంది, పులిసిన పిండి వంటి వాసన వచ్చేది. దూదితో తుడిస్తే కాఫీ ముద్దలాంటి గులిమి అంటుకునేది. మందు వేస్తున్నంతసేపూ నొప్పికి మూలుగుతూనే, తలను మాత్రం నా మోకాళ్ల మధ్యకు నెట్టేది. ఒక్క కుక్కను చూసి సూత్రం కట్టకూడదని నాకు తెలుసు. కానీ ఆ అంకెలు చదివిన రోజున, ఆ పదేళ్ల వానాకాలాలే నా కళ్ల ముందు మెదిలాయి.

అసలు చాక్లెట్ వాటికే ఇలా ఎందుకు జరుగుతుంది? నా ఎంపికను తేల్చినది ఈ ప్రశ్నే. ల్యాబ్రడార్‌లో నలుపు బలమైన గుణం, చాక్లెట్ అణగి ఉండే గుణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు చాక్లెట్ జన్యువులు అందితేనే పిల్ల ఆ రంగులో పుడుతుంది. ఆ జన్యువు దాచుకున్న రెండు నల్ల కుక్కలను జత కట్టిస్తే నాలుగింట ఒక వంతు పిల్లలు చాక్లెట్ రంగులో పుట్టే అవకాశం ఉంటుంది. రెండు చాక్లెట్ కుక్కలను కలిపితే నల్లపిల్ల పుట్టే ప్రసక్తే లేదు. కాబట్టి గిరాకీ ఉన్న రంగు తప్పకుండా రావాలనుకునే బ్రీడర్ చాక్లెట్‌ను చాక్లెట్‌తోనే కలుపుతాడు. ఆ రంగు కుక్కలు తక్కువగా ఉండడం వల్ల దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటినే మళ్లీ మళ్లీ కలిపే పరిస్థితి వస్తుంది, దాగి ఉన్న లోపాలు రెండు వైపుల నుంచీ ఒకే పిల్లకు చేరుతాయి. ఆ పరిశోధకులు కూడా రంగు కోసం చేసే ఎంపికను ఒక కారణంగా అనుమానించారు. రంగునిచ్చే జన్యువుకే చర్మంతో, చెవితో నేరుగా సంబంధం ఉండవచ్చన్న అవకాశాన్నీ వారు కొట్టిపారేయలేదు.

అందువల్ల పిల్ల రంగు కన్నా దాని తల్లిదండ్రుల రంగే ఎక్కువ సంగతులు చెబుతుందని నా అభిప్రాయం. నల్ల తల్లికి పుట్టిన చాక్లెట్ పిల్లకూ, మూడు తరాలుగా చాక్లెట్‌కు చాక్లెట్‌నే కలుపుతూ తెచ్చిన పిల్లకూ తేడా ఉంటుంది. మొదటిదాని విషయంలో, ఆ జతను రంగు ఒక్కటే చూసి కలపలేదని నమ్మడానికి కొంత ఆస్కారమైనా ఉంది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వంశపత్రం ఉంటే, అందులో తాతముత్తాతల పేర్లు రెండు వైపులా పునరావృతం అవుతున్నాయేమో తప్పక చూడాలి. మా పాత కుక్క పత్రంలో ఒకే మగకుక్క పేరు తల్లి వైపూ తండ్రి వైపూ ఉందని, అది పోయిన తర్వాత కాగితాలు సర్దుతున్నప్పుడు గాని నేను గమనించలేదు.

ఇక మన దగ్గర ఫాన్ కలర్ అనీ, వైట్ ల్యాబ్ అనీ పిలిచే లేత పసుపు కుక్కల సంగతి. పసుపు రంగునిచ్చేది వేరే జన్యువు. అది రెండు పాళ్లు ఉన్నప్పుడు కింద నలుపు ఉన్నా, చాక్లెట్ ఉన్నా బొచ్చులో బయటపడనివ్వదు. కింద ఏముందో ముక్కు చూసి చెప్పవచ్చు. ముక్కు, కనురెప్పల అంచులు నల్లగా ఉంటే అడుగున ఉన్నది నలుపు. అవి గోధుమ రంగులోనో గులాబీ రంగులోనో ఉంటే ఆ పిల్ల చాక్లెట్ జన్యువులు రెండూ మోస్తున్నదన్నమాట. అయితే ముక్కు వయసుతో, చలితో కొంత వెలిసిపోతుంది కనుక, రెప్పల అంచును నమ్మడం మంచిది. పసుపు రంగులో మనకు ప్రత్యేకంగా పనికివచ్చే గుణం ఒకటుంది: లేత బొచ్చులో గోమారి దూరం నుంచే కనబడుతుంది. టిక్ ఫీవర్ ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. నల్లదానికి రోజూ వేళ్లతో బొచ్చు పాయలు తీసి తడిమి చూడాల్సిందే.

సిల్వర్ ల్యాబ్ పేరుతో అధిక ధరకు అమ్మే బూడిదరంగు పిల్లల జోలికి వెళ్లవద్దని నా సలహా. రంగును పలచబరిచే జన్యువు వల్ల వచ్చే ఆ ఛాయతో పాటు, వెంట్రుకలు విరిగి బట్టతలలా మచ్చలు పడే జబ్బు కొన్నింటికి వస్తుంది, దానికి పూర్తి చికిత్స లేదు. ఫాక్స్ రెడ్ అనేది ముదురు పసుపు మాత్రమే, అదనపు ధర ఇవ్వనవసరం లేదు.

తుంటి కీలు, మోచేతి కీలు సరిగా అమరకపోవడం, కొన్ని వంశాల్లో క్రమంగా చూపు పోవడం వంటి పెద్ద జబ్బులు మూడు రంగుల్లోనూ ఉన్నాయి. ఎంత తిన్నా ఆకలి తీరనివ్వని పోమ్‌సీ జన్యులోపాన్ని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో గుర్తించారు. దాదాపు నాలుగింట ఒక వంతు ల్యాబ్రడార్లలో అది ఉందని వారు తేల్చారు. పసుపు అయినా నలుపు అయినా, తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే చూడకుండా తెచ్చుకుంటే ఆరోగ్యం గురించి మనకు తెలిసింది స్వల్పమే.

ఈ లెక్కతోనే నేను నలుపును మొదట, నల్ల రెప్పల అంచున్న పసుపును దాని పక్కనే, చాక్లెట్‌ను ఆ తర్వాత పెడతాను. మా పిల్ల పుట్టిన ఈతలో ఏడు పిల్లలున్నాయి, వాటిలో మూడు చాక్లెట్. తల్లి నల్లది, తండ్రి చాక్లెట్. ఇద్దరి ఎక్స్‌రేలూ బ్రీడర్ కిటికీ వెలుగులో పట్టుకుని చూపించాడు. ఆ చాక్లెట్ పిల్లల్లో ఒకదాన్ని మా స్నేహితుడు తీసుకున్నాడు, నేను వద్దనలేదు. వారానికి రెండుసార్లు చెవి ఎత్తి వాసన చూడమనీ, స్నానం చేయించిన ప్రతిసారీ చెవుల లోపల తడి లేకుండా తుడవమనీ మాత్రం చెప్పాను.