తడి ఆరని మూలకి ఏ ఆకుమొక్క మేలు: చేమా, మెట్టతామరా, కెలాడియమా, ఫెర్నా?

ప్రతి ఇంట్లో ఎక్కడో ఒక మూల నేల ఆరదు. గిన్నెలు తోమే గచ్చు పక్కన, సంపు నిండి పొర్లే చోట, ఏసీ పైపు కారే గోడ కింద. గులాబీ లాంటిది పెడితే వేరు కుళ్లిపోతుంది, ఖాళీగా వదిలేస్తే నాచు పట్టి కాలు జారుతుంది. తడిని ఇష్టపడే ఆకుమొక్కలు పెట్టుకోవాలని అందరికీ తెలుసు, తిప్పలంతా ఏ మొక్క అన్న దగ్గరే. నర్సరీలో అడిగితే నాలుగు రకాలు ఒకే వరసలో చూపించి "నీళ్లుంటే చాలమ్మా, అవే పెరుగుతాయి" అంటారు. చాలదు. వీటిలో కొన్నిటికి తడి వేళ్ల దగ్గర కావాలి, కొన్నిటికి గాల్లో కావాలి, రెండూ ఒకటి కాదు. కొనేముందు ఇదొక్కటి చూసుకుంటే సగం డబ్బులు మిగులుతాయి.

నన్నడిగితే మొదటి ఓటు చేమకే. మనం పులుసు పెట్టుకునే చేమే, అదేం తక్కువ మొక్క కాదు, నల్లటి ఆకుల రకాన్ని కుండీలో పెట్టి ఫ్యాన్సీ పేరుతో అమ్ముతుంటే వందలు పోసి కొంటున్నాం కదా. ఇది బురదలో కూడా నిలబడుతుంది, నీళ్లు నిలిచినా వేళ్లు కుళ్లవు, సగం ఎండ సగం నీడ ఇస్తే ఆకు చేటంత అవుతుంది. రైతుబజార్లో దుంపలు కొనేటప్పుడు మొలక కాస్త ఉబ్బి కనిపించేవి నాలుగు ఏరి రెండంగుళాల లోతున పాతేయండి, వేసవి మొదట్లో అయితే కొన్ని వారాల్లోనే మొదటి ఆకు చుట్ట విప్పుకుంటుంది. పొద్దున్నే చూస్తే ఆకు కొనన నీటిబొట్టు వేలాడుతుంటుంది. అది మంచు కాదు, రాత్రి వేళ్లు తాగిన నీళ్లలో మిగిలింది మొక్క అలా బయటికి వదులుతుంది. ఆ బొట్టు ఉందంటే నీళ్లకి లోటు లేనట్టే. తొడిమ ఆకు అంచున కాకుండా కాస్త లోపలికి అతుక్కుని, ఆకు కిందికి వాలి ఉంటే అది చేమ. కొన పైకి చూస్తూ నిలబడి ఉంటే చాలావరకు అలోకేసియా, దానికి నీళ్లు నిలిస్తే పడదు. నర్సరీలో రెండూ "ఏనుగు చెవి" పేరు మీదే పోతుంటాయి కాబట్టి ఆకు చూసి కొనండి, పేరు విని కాదు.

చేమకి గట్టి పోటీ మెట్టతామర. పూర్తి ఎండ పడే తడి నేలైతే చేమ కన్నా ఇదే మేలు, ఎందుకంటే నడినెత్తిన ఎండకి చేమ ఆకు అంచులు మాడతాయి, దీనికి ఏమీ కాదు. ఆకులు ఎర్రగా ఉండేవి, పసుపు చారలవి దొరుకుతాయి, పూలు అదనం. మురుగునీటిని శుద్ధి చేయడానికి కట్టే మొక్కల మడుగుల్లో దీన్ని వాడతారు, అంటే గచ్చు నీళ్లలో సబ్బు కాస్త కలిసినా తట్టుకుంటుందన్నమాట. చిక్కల్లా ఆకుచుట్టు పురుగుతో. ఆకు అంచుల్ని దారంతో కుట్టినట్టు కలిపేసి లోపల కూర్చుని తింటుంది, వర్షాకాలంలో వారానికోసారి ఆ చుట్టలు విప్పి చూడాలి, మందు కొట్టే అవసరం చాలావరకు రాదు. పూసిన కాడని మొదటికంటా కోసేయండి, లేకపోతే గుబురంతా చిందరవందరగా తయారవుతుంది.

కెలాడియం చూడ్డానికి వీటన్నిటికన్నా అందగత్తె, ఒప్పుకోవాల్సిందే. గులాబీ, తెలుపు, ఎరుపు ఈనెలు, కాగితం లాంటి పల్చటి ఆకు. కానీ తడి ఆరని మూలకి ఇది పనికిరాదు. దీనికి తేమ కావాలి, నీళ్లు నిలవకూడదు, నిలిచాయా దుంప మెత్తబడిపోతుంది. రంధ్రమున్న కుండీలో కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్ట్ కలిపి, ఎండ నేరుగా పడని వరండాలో పెట్టుకోవాలి. హైదరాబాద్ చలికి డిసెంబరు వచ్చేసరికి ఆకులన్నీ వాలిపోతాయి, చాలామంది చచ్చిపోయిందని పారేస్తారు, అది చావు కాదు నిద్ర. నీళ్లు ఆపేసి కుండీని పక్కన పెడితే ఎండలు ముదిరేటప్పుడు మళ్లీ లేస్తుంది.

ఇక ఫెర్న్, పూలు పూయని ఈకల్లాంటి ఆకుల మొక్క. దీనికి కావలసింది గాలిలో తేమ, అక్కడే ఊరు తేడా వచ్చేస్తుంది. కాకినాడలోనో విశాఖలోనో నీడలో వేలాడదీస్తే దాని మానాన అది పెరుగుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, మట్టి తడిగా ఉన్నా ఆకుల కొనలు గోధుమరంగుకి తిరుగుతాయి. స్ప్రే కొడితే పావుగంట ఊరట, అంతే. కుండీలన్నీ దగ్గరగా చేర్చి, వేడి గాలి తగలని గోడ వైపు పెట్టడమే నయం. తూముల దగ్గర, పాత బావి గోడల సందుల్లో సన్నటి నల్ల కాడలతో పెరిగే ఫెర్న్‌ని చూసి ముచ్చటపడి బాల్కనీకి కొనకండి, ఆ బావి లోపలి చల్లదనం మనం ఇవ్వలేం. వేలాడే బోస్టన్ రకం కన్నా ఆకులు నిటారుగా నిలబడే మొరటు రకం తెలంగాణ ఎండకి కాస్త ఓర్చుకుంటుంది.

నీళ్లు ఏవన్నది కూడా చూడాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఏసీ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, ఫెర్న్‌కి, కాలథియా అనే చారల ఆకుమొక్కకి అంతకన్నా మంచివి దొరకవు. కాకపోతే గాల్లో తేమ ఉంటేనే ఏసీ నుంచి నీళ్లొస్తాయి, అందుకే కోస్తాలో బకెట్ నిండుతుంది, హైదరాబాద్‌లో సరిగ్గా ఫెర్న్‌కి అవసరమైన ఆ పొడి రోజుల్లోనే తక్కువ పడుతుంది. తాగునీటి ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు దీనికి పూర్తిగా రివర్స్, ఉప్పు చిక్కబడి ఉంటుంది. అవి ఫెర్న్‌కి పోస్తే కొనలు మాడతాయి. నేలలో ఉన్న మెట్టతామరకి, చేమకి బోరు నీళ్లతో మార్చి మార్చి పోస్తే లాగించేస్తాయి. కుండీలో మాత్రం వద్దు, ఉప్పు పైకి తెల్లగా పేరుకుంటుంది.

నీళ్లు నిలవబెట్టి పెంచుదామనుకుంటే గొడుగులా విచ్చుకునే సైపరస్ ఉంది, రంధ్రం లేని తొట్టిలోనూ బతుకుతుంది. ఆ గొడుగు కోసి నీళ్లలో తలకిందులుగా వేస్తే దానికే వేళ్లొస్తాయి. కానీ తొట్టిలో నాలుగు గప్పీ చేపలైనా వదలాలి, లేకపోతే డెంగ్యూ దోమల్ని మనమే పెంచినట్టు.

చిన్నపిల్లలు, కుక్క, పిల్లి ఉన్న ఇంట్లో చేమ, కెలాడియం, అలోకేసియా మూడింటితోనూ జాగ్రత్త. నమిలితే నోరంతా దురద, మంట. మన చేమదుంప పచ్చిగా తింటే దురద పెట్టేదీ అందుకే, ఆ సూదుల్లాంటి స్ఫటికాలు ఈ మూడింట్లోనూ ఉంటాయి. అలాంటి ఇంటికి మెట్టతామర, ఫెర్న్ నిశ్చింత. గచ్చు నీళ్లు తాగిన చేమ దుంపల్ని, నల్ల ఆకుల అలంకార రకాల్ని వంటకి తీయకండి.

కడియం నర్సరీల నుంచి తెప్పించుకునేవాళ్లకి ఒక మాట. అక్కడ గోదావరి పక్కన, గ్రీన్ నెట్ కింద పెరిగిన మొక్క మీ మేడ మీదికి రాగానే నాలుగు ఆకులు రాల్చేస్తుంది, దానికి టెన్షన్ పడి ఎరువు వేసేయకండి. నీడలో ఉంచి, కొత్త ఆకు కనిపించాకే చోటు మార్చండి. తొలకరి పడ్డాక తెప్పించుకుంటే ఈ గొడవ చాలావరకు ఉండదు.